ఇరవై రెండు డిగ్రీలు

కాలేజీ గేటు మీద గుడ్డ బ్యానరు.
అరబ్బీల ఒకపారి, ఇంగ్లీషుల ఒకపారి:
ప్రవేశం ఉచితం. అందరూ రావచ్చు.
మూడేండ్ల సంది దాన్ని కట్టేది నేనే, విప్పేది నేనే.
ఆ అందర్ల నేనున్ననా
అని ఎవల్నీ అడగలే.

నా పని చల్లదనం.
సెప్టెంబర్ల మనామా గోడలకు సుత చెమట పడుతది.
కప్పు మీద నాలుగు చిల్లర్లు,
కింద హాల్ల ఇరవై రెండు డిగ్రీలు.
ఒక్క డిగ్రీ పెరిగితే డీన్ మేడం ఫోను,
ఒక్కటి దిగితే ముందటి వరుసల ముసలాయన దగ్గు.

సోమారం కవులొస్తరు.
చేతుల కాగితాలు వణుకుతయి,
నా గాలికో వాళ్ళ భయానికో.
బుధారం చరిత్ర చెప్పెటాయన వచ్చిండు.
కంట్రోల్ రూం అద్దం ఎనక నాకు మాట వినరాదు,
తెర మీద బొమ్మలే.
ముక్కుకు క్లిప్పు, మెడకు వల సంచి,
ముత్యాల కోసం సముద్రం అడుక్కు దిగేటి మనుషులు.
తర్వాత ఒక పాత ఖాతాపుస్తకం ఫోటో.
ఆ లిపి నాకు రాదు.
కొట్టేసిన అంకెలు తక్కువ, కొట్టెయ్యనియి ఎక్కువ.
చదివిన.

గురువారం ఊద్ వాయించేటాయన, ఖలఫ్ అంట పేరు.
కూసొని ఒక తీగె మీటి ఆగిండు.
తల పైకెత్తి కప్పు దిక్కు చూసిండు,
అంటే నా దిక్కు.
వాకీటాకీల షఫీక్ భాయి గుసగుస:
"నాంపెల్లీ, బంద్ కర్. చారోం బంద్ కర్."

ప్రోగ్రాం నడుమ చిల్లర్ ఆపుడు నా సర్వీసుల లేదు.
ఒకటి.
రెండు.
మూడు.
నాలుగోది నొక్కినంక

సిరిసిల్లల మా గల్లీకి కరెంటు పోయినట్టయింది.
నలభై సాంచెలు ఒక్కపారే ఆగితే ఎట్లుంటదో అట్ల.
మా ఇంట్ల మాటంటే కేకనే,
బువ్వ తిన్నవా అన్నా కేకనే.
కరెంటు పోతేనే ఎరుకయ్యేది
నాయిన గొంతు అంత మెత్తగుంటదని.
చీకట్ల అమ్మకు ఏందో చెప్పేటోడు, మెల్లగ.
కరెంటు రాంగనే సగంల తెగేది.
పోగు తెగితే అతుకేస్తరు,
ఆ మాటకు మళ్ళ ఎవలూ అతుకెయ్యలే.

తీగె మోగింది.
నాకు పాట తెల్వదు, సప్పుడు తెల్సు.
బేరింగు అరిగితే ఒక తీరు, బెల్టు జారితే ఒక తీరు.
దీంట్ల గూడ ఏదో అరుగుతున్నది,
ఏ పార్టో దొరుకుత లేదు.

ఇరవై నాలుగు.
ఇరవై ఆరు.
కోట్లు కుర్చీల మీదికొచ్చినయి.
డీన్ మేడం ప్రోగ్రాం కాగితంతోని విసురుకుంటున్నది.
లేచి పోయెటోడు లేడు.
తలుపు తీస్కొని నేను హాల్లకొచ్చిన,
ఆఖరి వరుస ఎనక నిలవడ్డ.
చాయ్ ట్రే పట్టుకొని బంగ్లా పిల్లగాడు,
మాపు కట్టె మీద గదువ ఆనిచ్చి నేపాలీ దిల్‌మాయ.
ఇరవై ఎనిమిది.
హాలంత మా క్యాంపు రూము లెక్క ఉక్కపోస్తున్నది,
అత్తర్లు పోయి మనుషుల వాసనొస్తున్నది.

ముసలాయన నొసటి మీది చెమట
ఊద్ కట్టె మీద పడ్డది.
తుడ్వలే.
గొంతెత్తిండు.
తాడు గుంజుకుంట పడవల పాడేదట, షఫీక్ చెవుల చెప్పిండు.
నేను వాని చెయ్యి పట్టుకొని ఊకుండమన్న.

అంతా అయినంక మేడం వచ్చింది, ముఖం ఎర్రగ.
ఆయన మొదటి పాటకే ఆపమన్నడు గదా,
మళ్ళ ఎందుకు వెయ్యలే?
మర్చిపోయిన మేడం, అన్న.
మర్చిపోలే.
మొదటి పాట ఒడిసినప్పుడు నా వేలు స్విచ్చు మీదనే ఉండె.

రాత్రి లాగ్ బుక్కు.
ఏడు నలభై నుంచి ఎనిమిదిన్నర దాక
నాలుగు యూనిట్లు బంద్.
కారణం అని ఒక గడి ఉంటది, చిన్నది.
కరెంటు పోయింది, అని రాసిన.
ఈ కాలేజీల కరెంటు పోదు.
చదివెటోడెవడు.